వంతుల కాగితం

తెల్లవారుజామున ఐదుంబావు. ధనుర్మాసం. మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, వీధిలైటు కింద నిలబడినా ఎదురింటి గడప ఆనడం లేదు. శాలువా గట్టిగా కప్పుకొని నాతో పాటు ఈ అరుగు మీద కూర్చోండి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో చంద్రగిరి దాటాక, పూతలపట్టు రాకముందే, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వస్తే ఈ పల్లె. ఊరి పేరు చెప్పను. చెబితే ఈ పిల్లలు ఎవరింటి పిల్లలో ఇట్టే తెలిసిపోతుంది.

గుడి మైకులో తిరుప్పావై వస్తోంది. కొండమీద కూడా ఈ నెలంతా సుప్రభాతం ఆపి తిరుప్పావైతోనే స్వామిని మేల్కొలుపుతారు. గోదాదేవి పాడిన పాశురాలవి. అంటే ఈ నెల రోజులూ ఏడుకొండలవాడికి తెల్లవారేది ఒక ఆడపిల్ల మాటతో. ఆ మాట వీధంతా వినబడుతుండగానే ఎదురింటి తలుపు కిర్రుమంది. ఒక ఆడపిల్ల బయటికొచ్చింది. చేతిలో పరక.

పదో తరగతి. ఇంట్లో పెద్దపాప అంటారు, మనమూ అట్లే అందాం. వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గుడబ్బా పక్కన పెట్టుకొని గొంతుక్కూర్చుంది. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు. స్కేలు లేదు, కొలత లేదు. వేళ్ల సందులోంచి జారే పిండి ఒకే గీతగా నాలుగు దిక్కులూ తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలిసింది. దగ్గరికి పోయి చూడండి. కుడి సగం ఎడమ సగానికి అద్దంలో నీడలా ఉంది, ఎక్కడా ఒక్క చుక్క తప్పలేదు. ఈ పిల్ల లెక్కల్లో వీకు అని నిన్న సాయంత్రం ఇంటిల్లిపాదీ నాకు చెప్పారు.

లోపల అమ్మ పాలు పితుకుతోంది. ఆరు కొట్టేసరికి పెద్దపాప క్యాను తీసుకొని పాలకేంద్రానికి బయల్దేరింది. మనమూ వెనకాలే పోదాం. వరసలో పదిమంది, ఎనిమిది మంది ఆడవాళ్లే. మిషను మీద ఎర్ర అంకెలు పడ్డాయి. ఫ్యాటు ఎంత, ఎస్సెన్నెఫ్ ఎంత, లీటరు రేటెంత. స్లిప్పు చేతికి రాకముందే పెద్దపాప నోట్లో మొత్తం వచ్చేసింది. స్లిప్పు చూశాను. పైసలతో సహా సరిపోయింది.

"లెక్కల్లో వీకన్నారే?" అన్నాను.

"ఇది లెక్కా మేడం? ఇది పాలు గదా!" అంది.

ఇంటికొచ్చేసరికి అవ్వ పొయ్యి దగ్గర చలి కాచుకుంటోంది. ఎనిమిదో తరగతి చదివే చిన్నోడు ఇంకా దుప్పట్లోనే ఉన్నాడు. లేపబోయిన పెద్దపాపను అవ్వ ఆపింది. "చలికి వాణ్ణి యాల లేపుతావు పాపా? మొగబిడ్డ. కాసేపు పండుకోనీ. చదువుకోవాల గదా." ఆ మాటలో కోపం లేదు, కపటం లేదు. మనవరాలి మీద ప్రేమ తక్కువా కాదు. ఐదుంబావు నుంచి ఏడున్నర దాకా నా గడియారంతో లెక్కపెట్టాను. పెద్దపాప పుస్తకం పట్టుకున్నది పదకొండు నిమిషాలు. అదీ సంగటి కుండ మీద ఒక కన్నేసి.

బడి ఇంకో పల్లెలో ఉంది. సైకిలు బయటికి తీశారు. 2017 ప్రాంతంలో 'బడికొస్తా' అని తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చింది, గుర్తుందా? ఆ సైకిలే ఇది. చిన్నాయన కూతురికొచ్చింది, ఆమె పెళ్లయి పోయాక ఈ ఇంటికి చేరింది. రంగు పోయింది, బుట్ట సొట్టపడింది. ఆడపిల్ల పెద్దబడికి దూరమని మానేయకూడదని ఇచ్చిన సైకిలు. చిన్నోడు సీటెక్కి పెడలు మీద కాలు పెట్టాడు. పెద్దపాప రెండు సంచులూ ఒళ్లో పెట్టుకొని వెనక క్యారియరు మీద కూర్చుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఆ పిల్ల కూడా.

తొమ్మిది గంటలకు బడి ముంగిట్లో ఉన్నాం. రేకుల వరండా, వేపచెట్టు, కొత్తగా రంగేసిన గోడలు. పిల్లలు వరసల్లో నిలబడి జనగణమన పాడుతున్నారు. వాళ్లు పాడుతున్న ఈ వరసకు మన నేలతో ఒక సంబంధం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెకు వచ్చారు. బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఆయన ఈ పాట పాడితే, స్వరాలు కాగితం మీద పెట్టింది కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్. ఆమె ఐర్లండ్ మనిషి, ఆడవాళ్ల ఓటు కోసం కొట్లాడి జైలుకెళ్లింది. ఇక్కడికొచ్చాక కూడా ఊరికే కూర్చోలేదు. 1917లో మద్రాసు అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను మొదలుపెట్టిన వాళ్లలో ఆమె ఒకరు. ఆడపిల్లలకు ఎలాంటి చదువు కావాలో ఆడవాళ్లే కూర్చుని తేల్చుకోవాలని ఆమె ఇచ్చిన పిలుపుతోనే 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటిసారి కూడింది. రోజూ పొద్దున మన పిల్లలు పాడే పాటలో మదనపల్లె ఉంది, ఆ మనిషి చెయ్యీ ఉంది. ఈ సంగతి ఏ బడి గోడ మీదా రాసి ఉండగా నేను చూడలేదు. రాస్తే బాగుంటుంది.

వరసలు విడిపోయాయి. ఇప్పుడు హెచ్చెమ్ గది పక్కన నోటీసుబోర్డు దగ్గరికి రండి. మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చింది దీనికోసమే.

ఒక తెల్లకాగితం. పైన 'ఈ వారం వంతులు' అని రాసుంది. కింద ఎడమవైపు పనులు, కుడివైపు రోల్ నంబర్లు. పేర్లు లేవు, ఆడ మగ అని లేదు. తరగతి ఊడ్చేది 7, 19, 23. నీళ్ల డ్రమ్ము నింపేది 4, 11. గంట కొట్టేది 15. బెంచీలు సర్దేది 2, 8, 30. ల్యాబు తాళంచెవి 27. ఎవరైనా వస్తే మంచినీళ్లిచ్చేది 6. మైకు పట్టుకునేది 12. వారం మారితే నంబర్లు మారతాయి.

ఇంతే. ఇందులో ఏముంది అనిపిస్తోంది కదా? మొన్నటి జులై దాకా ఉన్న పాత కాగితాన్ని హెచ్చెమ్ మేడం పారేయకుండా బీరువాలో దాచారు. తీసి చూపించారు. శుభ్రత అని ఉన్న చోట బాలికలు. ముగ్గులు, అతిథులకు టీలు, సరస్వతీపూజ అలంకరణ, అన్నీ బాలికలు. గంట, మైకు, బెంచీలు, ఆటసామాను, ల్యాబు తాళంచెవి అన్నీ బాలురు. ఆ కాగితం రాసింది చెడ్డవాళ్లెవరూ కాదు. ఆమే రాశారు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో ప్రతి జూన్లో రాస్తా ఉండాను, ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు," అన్నారు. "పోయినేడు పదో తరగతిలో ఒక బిడ్డని అడిగినా, పెద్దయ్యాక ఏమవుతావే అని. 'మీరు చెప్పిన పని చేస్తాను మేడం' అనింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా."

మార్చడం మాటల్లో అయినంత సులువుగా కాలేదు. మొదటి సోమవారం పరక మగపిల్లల చేతికి వచ్చింది. ఒకడు పరక తలకిందులుగా పట్టుకున్నాడు. మిగతావాళ్లు గోల. పెద్ద చిక్కు వాళ్లతో కూడా కాదు, ఆడపిల్లలతో. "ఇటియ్యరా, నీకు రాదు" అని చేతుల్లోంచి లాక్కున్నారు. ఒకటో తరగతి నుంచి ఆ ఒక్క పనిలోనే మెచ్చుకోలు దొరికిన పిల్లలు, అది కూడా పోతుందేమో అని భయపడ్డారని నాకనిపిస్తుంది. బుధవారం ఒక తండ్రి బడికొచ్చాడు. "మా వోణ్ణి కసువు ఊడ్చేదానికి పంపలేదు మేడం."

"మరి ఆడబిడ్డల్ని దేనికి పంపినారు నాయనా?" అని అడిగారట ఆమె. ఆయన చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు. గురువారం లెక్కల అయివారు ప్యాంటు మడిచి, పదో తరగతి గది మొత్తం తనే ఊడ్చారు. పిల్లలు బయట నిలబడి చూశారు. శుక్రవారం నుంచి గొడవ తగ్గింది.

పిల్లల చేత అసలు ఊడిపించవచ్చా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. మరుగుదొడ్లకు ఇక్కడ ఆయా ఉంది, వాటి జోలికి పిల్లల్ని పంపరు. మనం కూర్చునే గదిని మనం శుభ్రం చేసుకోవడంలో తప్పు లేదని నా అభిప్రాయం, వంతు అందరిదీ అయినప్పుడు మాత్రమే. ఎందుకంటే పాత కాగితంలో 'బాలికలు' అని రాసి ఉన్నా, ఆ బాలికల్లో పరక ఎక్కువసార్లు ఎవరి చేతికి వెళ్లేదో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఊరి చివర వీధి నుంచి వచ్చే పిల్లల చేతికి. ఆడపిల్ల అన్న మాట వెనకాల కులం కూడా నిలబడి ఉంటుంది. రోల్ నంబరుకు ఆ రెండూ తెలియవు, అందుకే ఆ అంకెల మీద నాకంత గౌరవం.

రెండో పీరియడు. ల్యాబుకు పోదాం. 27వ నంబరు పెద్దపాపదే. తాళంచెవి జడకు గుచ్చుకున్న పువ్వులా భద్రంగా గుప్పిట్లో పట్టుకొచ్చింది. తలుపు తీయగానే స్పిరిటు వాసన, దుమ్ము వాసన. నాకు కాళ్లు కొంచెం తడబడ్డాయి, చెబుతాను ఎందుకో.

1980ల మొదట్లో నేను చదివిన బడిలోనూ ఇలాంటి గది ఉండేది. ప్రయోగం మగపిల్లలు చేసేవాళ్లు, రికార్డు మేం రాసేవాళ్లం. మా చేతిరాత బాగుంటుందని. వాళ్ల రికార్డులు కూడా మేమే రాసిపెట్టాం. మైక్రోస్కోపులోకి ఒక్కసారి చూస్తానని అడిగితే, పాడు చేస్తావమ్మా అన్నారు. ఉల్లిపొర కణాల బొమ్మ నేను ఎంత బాగా గీశానంటే, దాన్ని గోడకు తగిలించారు. ఆ కణాలను నేను చూడనే లేదు. మా అమ్మ కాలంలో ఇంకా ముందే దారి మూసేవారు. ఎస్సెల్సీలో కాంపోజిట్ మ్యాథ్స్, జనరల్ మ్యాథ్స్ అని రెండుండేవి. కాంపోజిట్ చదివితేనే ఇంజనీరింగు వైపు తలుపు తెరుచుకునేది. ఆడపిల్లవు నీకెందుకని అమ్మను జనరల్‌లో కూర్చోబెట్టారు. అప్పటికే దుర్గాబాయి దేశ్‌ముఖ్ లాంటి మన మనిషి దేశమంతా ఆడపిల్లల చదువు కోసం తిరుగుతోంది. 1960ల మొదట్లో హంసా మెహతా అధ్యక్షతన వేసిన సంఘం, ఆడపిల్లలకొక చదువూ మగపిల్లలకొక చదువూ అనే తేడా వద్దని తేల్చి చెప్పింది. కానీ ఢిల్లీలో రాసిన మాట పల్లె బడి ల్యాబు తాళంచెవి దాకా రావడానికి అరవయ్యేళ్లు పట్టింది.

ఈ బడి సైన్సు టీచరు తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసింది. ఎన్టీ రామారావు 1983లో ముఖ్యమంత్రి అయిన ఏడాదే స్థాపించిన విశ్వవిద్యాలయం అది. ఆడవాళ్ల కోసం వేరే విశ్వవిద్యాలయం ఎందుకు, కలిసి చదివితే పోలా అనే వాదన నేనూ ఒకప్పుడు చేశాను. ఈమె చెప్పింది విన్నాక తగ్గాను. "మా నాయిన నన్ను ఇంకెక్కడికీ పంపేవాడు కాదు మేడం. అక్కడ ఇంకో సంగతి జరిగింది. పరికరం ముందు మగపిల్లోడు లేడు. ఫ్యూజు పోయినా మేమే మార్చాల, బరువైన టేబులు జరపాలన్నా మేమే జరపాల. రెండేళ్లు అట్లా ఉంటే, నాకు రాదు అనే మాట మర్చిపోయినా." ఆ మర్చిపోవడమే ఇప్పుడు ఈ గదిలో నేర్పుతోంది.

బల్ల మీద బ్యాటరీ, అమ్మీటరు, వోల్టుమీటరు, రియోస్టాటు. ఓమ్ నియమం. పెద్దపాప తీగల చివర్లు గీకి కలిపింది. స్విచ్చి వేసింది. అమ్మీటరు ముల్లు సున్నా దాటి ముందుకు పోవాల్సింది వెనక్కి కొట్టుకుంది. ఆ క్షణంలోనే ఎదురుగా ఉన్న పిల్లాడి చెయ్యి బల్ల మీదికి వచ్చేసింది, సరిచేద్దామని. మంచి పిల్లాడే. సాయం చేద్దామనే వచ్చింది ఆ చెయ్యి.

"చేతులు వెనక్కి," అంది టీచరు నిదానంగా. "ఎవరి తీగ వాళ్లే చూసుకోవాల."

గది నిశ్శబ్దమైపోయింది. పెద్దపాప చెవులు ఎర్రబడ్డాయి. తీగను వేలితో తడుముకుంటూ వెనక్కి పోయింది. ప్లస్ నుంచి మొదలుపెట్టి, చుక్క చుక్కా దాటి, తిరిగి తిరిగి మళ్లీ మొదటికి. పొద్దున ముగ్గు వేసిన వేళ్లే అవి. రెండు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాలు ఎవరూ సాయం చేయకుండా ఆగడం ఎంత కష్టమో, ఆ గదిలో నిలబడితే తెలుస్తుంది. నా చేతులే ఊరుకోలేక కొంగు పట్టుకున్నాయి. అమ్మీటరు దగ్గర ప్లస్సు మైనస్సు తారుమారయ్యాయి. మార్చింది. స్విచ్చి. ముల్లు లేచి నిలబడింది.

టీచరు అప్పుడు శ్రీహరికోట కథ చెప్పింది. ఇప్పుడది తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి పిల్లలకు అది మన ఊరి కథ. 2022 ఆగస్టు 7న ఎస్సెస్సెల్వీ అనే కొత్త చిన్న రాకెట్టు మొదటిసారి లేచింది. అందులో ఆజాదీశాట్ అని ఎనిమిది కిలోల ఉపగ్రహం ఉంది. దాని లోపలి పరికరాలు తయారుచేసింది దేశంలోని 75 ప్రభుత్వ బడుల్లో చదివే 750 మంది ఆడపిల్లలు. రాకెట్టు బాగానే లేచింది. చివర్లో సెన్సార్ల తేడా వల్ల కక్ష్య తప్పింది, ఉపగ్రహం పనికిరాకుండా పోయింది. ఆ పిల్లలు ఇంటికెళ్లి కూర్చున్నారా? ఆర్నెల్లకు, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 అదే శ్రీహరికోట నుంచి లేచి 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో నిలిచింది.

"అంటే వాళ్లకి కూడా ముల్లు వెనక్కి పోయింది," అంది వెనక బెంచీ నుంచి ఒక పాప. అందరూ నవ్వారు. పెద్దపాప కూడా నవ్వింది.

మధ్యాహ్న భోజనం గురించి పెద్దగా చెప్పను, పప్పు బాగుంది. కానీ ఆడపిల్లల మరుగుదొడ్ల వైపు ఒకసారి రండి. కొళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. లోపల గొళ్లెం ఉంది, మూత ఉన్న డబ్బా ఉంది. 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' అని ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇచ్చే పథకం మొదలైంది. నెలకు మూడు రోజులు బడి మానితే ఏడాదికి నెల రోజుల పాఠాలు పోతాయి. నా కాలంలో మేం పోగొట్టుకున్న పాఠాలు ఎవరూ లెక్కపెట్టలేదు. ఇక్కడ ఆ గొళ్లెమే సగం పని చేస్తోంది.

ఆటల పీరియడు. ఎండ ఇప్పుడు హాయిగా ఉంది. ఒకే క్రికెట్ బ్యాటు, రెండు జట్లు. ఇక్కడా వంతులే, ఒక ఓవరు వీళ్లది, ఒక ఓవరు వాళ్లది. ఒక పిల్లాడు క్యాచ్ వదిలేశాడు. వాడి స్నేహితుడే అరిచాడు, "గాజులు తొడుక్కున్నావారా?" పీఈటీ సారు విజిలేశారు. ఆట ఆపారు. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. బౌలింగు చేస్తున్న పాప దగ్గరికి పోయి, "నీ చెయ్యి చూపియ్యమ్మా" అన్నారు. మణికట్టుకు నాలుగు ఆకుపచ్చ గాజులు. "ఇంతసేపూ మిమ్మల్ని అవుట్ చేసింది ఈ చెయ్యే గదరా," అన్నారు. విజిలు. ఆట మళ్లీ మొదలైంది.

ఈ మాటల గురించి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ కూడా 2025లో మాట్లాడారు. గాజులు, చీర అంటూ ఆడవాళ్లను తక్కువ చేసే నానుడులు మానాలని, పాఠ్యపుస్తకాల్లో ఇంటిపని బొమ్మల్లో ఆడా మగా సమానంగా కనిపించాలని. మంచి మాట. పుస్తకంలో నాన్న కూరగాయలు తరిగే బొమ్మ చూసిన పిల్లాడికి, బడిలో పరక కూడా అందితేనే ఆ బొమ్మ నిజమవుతుంది. ఇక ఈ పిల్లలకు బొమ్మ కంటే దగ్గరగా ఒక మనిషి ఉంది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచకప్ గెలిచిన జట్టులో బంతి వేసిన శ్రీచరణి పక్క కడప జిల్లా అమ్మాయి. "మా మాదిరే మాట్లాడతాది మేడం, నేను ఇంటర్వ్యూ చూసినా," అని ఆ గాజుల పాప నాకు చెప్పింది. ఆ 'మా మాదిరే' అనే రెండు మాటల కోసం ఎన్ని పథకాలైనా పెట్టవచ్చు.

వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు నాలో ఒక సందేహం లేచింది. ఒక కాగితంతో, ఒక విజిలుతో మనుషుల బుద్ధి మారుతుందా? ఇంటికెళ్తే మళ్లీ అదే అవ్వ, అదే దుప్పటి. హర్యానాలో దీన్ని గట్టిగా పరీక్షించారు. 314 ప్రభుత్వ బడుల్ని తీసుకొని, వాటిలో కొన్నింట్లో ఏడో తరగతి నుంచి రెండున్నరేళ్ల పాటు ఆడ మగ పనుల గురించి, హక్కుల గురించి పిల్లల చేత మాట్లాడించారు. బ్రేక్‌త్రూ అనే సంస్థ ఆ తరగతులు నడిపింది. దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ అనే ఆర్థికవేత్తలు ఫలితాలు లెక్కగట్టారు, 2022లో అచ్చయ్యాయి. పిల్లల ఆలోచన మారింది. ఇంటిపని చేస్తున్నామని చెప్పిన మగపిల్లలు పెరిగారు. తరగతులు ముగిసిన రెండేళ్ల తర్వాత అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది. అందులో నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. చదువు మీద ఆడపిల్లల ఆశల్లో మాత్రం పెద్ద మార్పు రాలేదు. ఆశ చాలకపోవడం ఎప్పుడూ ఆ పిల్లల లోపం కాదని నేను దాన్ని చదువుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ల చేతులు వెనక్కి పోవడమే ఆలస్యం.

మూడు గంటలు. తల్లుల సమావేశం. చాపల మీద నలభై మంది దాకా ఉన్నారు. తండ్రులు ఆరుగురు, గోడకానుకొని నిలబడ్డారు. పెద్దపాప అమ్మ వచ్చింది, వెనకాలే అవ్వ. హాజరు పుస్తకం చేతులు మారుతోంది. అవ్వ దగ్గరికి రాగానే పెన్ను అడిగి తీసుకుంది, కళ్లకు దగ్గరగా పెట్టుకొని మెల్లగా పేరు రాసింది. 1990ల మొదట్లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 'అక్షర తపస్మాన్' అని రాత్రిబడులు నడిచాయి. లాంతరు వెలుతురులో నేర్చుకున్న అక్షరాలవి. పక్కన నెల్లూరు జిల్లాలో అలాంటి రాత్రిబడుల్లోనే చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్లను మూయించారు. మన అవ్వ సంతకం పెట్టడం దగ్గర ఆగింది. 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మగవాళ్లలో 80 మందికి చదవడం వస్తే ఆడవాళ్లలో 63 మందికే వచ్చు, నూటికి. ఆ తేడా అవ్వలాంటి వాళ్లదే ఎక్కువ. పొద్దున ఆమె అన్న మాటకు నాకొచ్చిన కోపం, ఆ సంతకం చూశాక నిలవలేదు.

హెచ్చెమ్ మేడం లేచారు. "అమ్మ ఒడి డబ్బులు మొదట ఇచ్చింది యాడో తెలుసా? మన చిత్తూర్లోనే, 2020 జనవరి 9న. ఇప్పుడు పేరు మారి తల్లికి వందనం అయింది. డబ్బు మీ ఖాతాలోనే పడతా ఉంది. 2025 మార్చి పది పరీక్షల్లో రాష్ట్రంలో మగపిల్లలు నూటికి 78 మంది పాసైతే ఆడపిల్లలు 84 మంది. అయినా మీరు ఏం చేస్తా ఉండారు? మొగపిలకాయకి తిరుపతిలో ప్రైవేటు కాలేజీ, ఆడబిడ్డకి ఏదో ఒకటి. లేకుంటే పెళ్లి." గోడకానుకున్న తండ్రులు కాళ్లు మార్చుకున్నారు. ఆమె చెప్పినదాంట్లో అతిశయం లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.

సైన్సు టీచరు రెండే మాటలు చెప్పింది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో మార్కుల మీదే సీటొస్తుందని ఒకటి. ఇంకొకటి, పొద్దున ల్యాబులో జరిగింది. పేరు చెప్పలేదు. కానీ పెద్దపాప అమ్మ తల పైకెత్తింది.

సమావేశం అయిపోయింది. అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే ఆమె నిలబడిపోయింది. టీచరు దగ్గరికి పోయి, కొంగు చివర మడత పెడుతూ, "లెక్కలు తీసుకునే గ్రూపు చదివితే కాలేజీ సాయంత్రం ఎన్నింటికి వదులుతారు మేడం?" అంది.

"నాలుగున్నర."

"పాలు ఐదున్నరకి పొయ్యాల. ఎన్నింటికి బస్సుంటాది?"

అవ్వ వెంటనే అందుకుంది. "పాలు చిన్నోడు పోస్తాడులే. వాడికేం చేతుల్లేవా." అని, తనన్న మాట తనే వింతగా విన్నట్టు ఒక క్షణం ఆగి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది.

టీచరు నోటుపుస్తకంలోంచి కాగితం చింపి బస్సుల వేళలు రాసింది, పొద్దున రెండు, సాయంత్రం రెండు. కింద 'స్త్రీశక్తి, టికెట్టు లేదు' అని కూడా రాసింది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఉచితం. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాలపుస్తకం లోపల పెట్టుకుంది.

గంట కొట్టారు. పెద్దపాప ల్యాబు తాళంచెవి హెచ్చెమ్ గదిలో ఇచ్చి సైకిలు దగ్గరికి వచ్చింది. చిన్నోడు ఇంకా రాలేదు, ఎనిమిదో తరగతిలో ఈ వారం వాడి నంబరు పడింది. కిటికీలోంచి దుమ్ము లేస్తోంది. ఆమె స్టాండు తీసి, సీటెక్కి, ఒక కాలు నేల మీద ఆనించి కేకేసింది.

"రేయ్, బల్ల కింద మూలలో కూడా చూడు! తొందరగా రా, ఎనక్కూర్చో."